పెద్దమ్మ కుట్టిన బుట్టచేతుల గౌను

నా చిన్నప్పుడు, నాకు ఏడేళ్ళ వయసులో, మా వాకిట్లో ఒక తాటాకు దడి లేచింది. దడికి ఇవతల మేము, అవతల మా పెద్దమ్మ, పెదనాయన. అంతకుముందు అది ఒకే వాకిలి, ఒకే కోళ్ళగంప. వేములపల్లి దగ్గర మా ఊళ్ళో అన్నదమ్ములు విడిపోవడం వింతేమీ కాదు. మా ఇంట్లో మాత్రం విడిపోయింది అన్నదమ్ములు కాదు, తోటికోడళ్ళు. మా నాయన, పెదనాయన పొద్దున్నే కలిసి మిర్యాలగూడ రైసుమిల్లుకు హమాలీ పనికి పోయేవారు, సాయంత్రం కలిసే వచ్చి దడికి చెరోవైపు కూర్చునేవారు. ఆ దడి కట్టింది కూడా వాళ్ళిద్దరే, పెళ్ళాలు చెప్పినచోట గుంజలు పాతి.

గొడవ నా మూలంగానే వచ్చింది. ఆ వానకాలం నాట్ల రోజుల్లో నాకు జ్వరం తగిలింది. ఒక రోజు మానితే నాట్లు వేసే కూలీల ముఠాలో వాళ్ళు మర్నాడు పిలవరు. అందుకని మా అమ్మ నన్ను మంచంలో పడుకోబెట్టి, తలాపున నీళ్ళచెంబు పెట్టి నాట్లకు పోయింది. పగలంతా పెద్దమ్మ నా నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ కూర్చుంది. సాయంత్రం బురదకాళ్ళతో వచ్చిన అమ్మను వాకిట్లోనే నిలబెట్టి అడిగింది, ఒళ్ళు కాలిపోతున్న పిల్లను వదిలి ఎట్లా పోబుద్ధయింది అని. అలసిపోయి ఉన్న మా అమ్మకు ఆ ప్రశ్న కారం రాసినట్టయింది. వాడకట్టంతా వింటుండగా అంది, "గొడ్రాలివి నీకేం తెలుసే కన్నదాని బాధ" అని.

పెద్దమ్మకు పిల్లల్లేరు. పెళ్ళయి అప్పటికి పన్నెండేళ్ళు. ఆ మాట ఊళ్ళో వెనక చాలామంది అనుకునేవారు గానీ మొహం మీద అన్నది మా అమ్మ ఒక్కతే. పెద్దమ్మ చేతిలోని తడిగుడ్డ పిండి దండెం మీద ఆరేసి ఇంట్లోకి పోయింది. మా అమ్మ మంచిది కాదని నేను అనను. ఆ పూట మాత్రం చాలా చెడ్డ మాట అంది. కడుపున పుట్టినదాన్ని కాబట్టి ఈ మాట నేను చెప్పవచ్చు, ఇంకెవరైనా అంటే మాత్రం ఊరుకోను.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు. అంటే, ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. పెద్దమ్మ తన మేకతో మాట్లాడేది, మా అమ్మ నీళ్ళబిందెతో మాట్లాడేది. ఇటు బట్టలుతికిన నీళ్ళు అటు పారితే పెద్దమ్మ మేకను అడిగేది, "కొంతమందికి కళ్ళు లేవా మేకా?" అని. మా అమ్మ బిందె తోముతూ బిందెకు జవాబు చెప్పేది, "కండ్లు మంచిగనే ఉన్నయే బిందె, సూడబుద్ధి కాక ఇటు సూస్తలేరు." పెద్దమ్మ పుట్టిల్లు కోదాడ వైపు, అమ్మది చివ్వెంల వైపు. ఒకరి యాస ఒకరికి వెక్కిరింత. మా ఊళ్ళో మాటలు పోయిన ఇళ్ళన్నిట్లో ఇదే పద్ధతి, మేకలూ బర్రెలూ లేనివాళ్ళు గోడతోనైనా చెప్పుకునేవారు.

నేను మా అమ్మ వైపు సిపాయిని. దడి దాటితే కాళ్ళు విరగ్గొడతానని అమ్మ చెప్పింది గానీ, చెప్పకపోయినా దాటేదాన్ని కాదు. దడి సందులోంచి పెద్దమ్మ మేకకు నాలుక చూపించేదాన్ని. ఆమె ఎండబెట్టిన మిరపకాయల మీదికి మా కోళ్ళను తోలేదాన్ని. జ్వరంలో నా నుదురు తుడిచిన చెయ్యి ఆమెదేనని నాకు గుర్తుంది. గుర్తుండీ చేశాను. పిల్లలు దేవుడితో సమానమని అనేవాళ్ళకు నన్ను ఆ వయసులో చూపించవలసింది.

మాది క్రైస్తవుల ఇల్లు. మాకు పండుగంటే క్రిస్మస్. అందరికీ కొత్తబట్టలు దొరకని ఏడు ఉండేది గానీ నాకు గౌను లేని పండుగ మాత్రం లేదు. ఆ గౌను ఎప్పుడూ పెద్దమ్మే కుట్టేది. పెళ్ళికి ముందు కోదాడలో మిషను నేర్చుకుందట. మా వాడకట్టులో మిషను ఉన్నది ఆమె ఒక్కదానికే. ఆ ఏడు కూడా నాయన మిర్యాలగూడ నుంచి తెల్లగుడ్డ మీద ఎర్రపూల చిన్న అచ్చు ఉన్న గుడ్డ తెచ్చాడు. పైగా ఆ ఏడు పండుగనాడు చర్చిలో ముందు నిలబడి వాక్యం చెప్పేది నేను. నెలరోజులుగా బడిలో అందరికీ చెప్పుకున్నాను, బుట్టచేతుల గౌను తొడుక్కుంటానని కూడా చెప్పాను. గౌను లేకపోతే నిలబడను, నిలబడకపోతే నా మొహం ఎవరికీ చూపించలేను. ఏడేళ్ళ పిల్లకు అంతకంటే పెద్ద ఆపద ఇంకొకటి ఉండదు.

వేములపల్లిలో దర్జీ దగ్గరికి అమ్మ గుడ్డ పట్టుకుపోతే, పండుగ దాటాక రమ్మన్నాడట. ఇంటికొచ్చి అమ్మ పంతం పట్టింది. నాట్లు వేసే చేతులకు గౌను ఒక లెక్కా అంది. పోయినేటి నా గౌనును ఆదిగా పెట్టుకుంది. గుడ్డను రెండు మడతలు వేసి, దాని మీద పాత గౌను పరిచి, చుట్టూ బొగ్గుతో గీసి, సరిగ్గా ఆ గీత వెంబడే కోసేసింది. వరస తప్పకుండా నారు నాటినంత శ్రద్ధగా కోసింది. ఆమె ముఖం చూస్తే నాకు గర్వంగా ఉండింది. రెండు రోజులు పొద్దంతా కూర్చుని చేత్తో కుట్టింది, సూది గుచ్చుకున్న వేలు నోట్లో పెట్టుకుంటూ.

పండుగ రెండు రోజులుందనగా మధ్యాహ్నం నాకు తొడిగింది. తల దూరింది. ఒక చెయ్యి దూరింది. రెండో చెయ్యి దూర్చబోతే చంకలో పర్రుమని చిరిగింది. కుట్టులోకి పోయే గుడ్డను అమ్మ లెక్కలోకి తీసుకోలేదు. పిల్ల ఏడాదిలో పెరిగిందన్న సంగతీ తీసుకోలేదు. ఒంటి చెయ్యి గౌనులో, ఒంటి చెయ్యి గాలిలో పెట్టి నేను వాకిట్లో నిలబడి గొంతు చించుకున్నాను.

దడి అవతల పెద్దమ్మ మేకకు ఆకు వేస్తోంది. "విన్నావా మేకా," అంది, "ఆది పెట్టి అంచు వెంబడే కోశారంట. మరి కుట్టు ఎక్కడ వేస్తారో, గాలిలోనా?"

అమ్మ బిందెనెత్తి నేలకు కొట్టినంత పని చేసింది. "నా బిడ్డ, నా గుడ్డ, నా కత్తెర. మందికేమైతదే బిందె? సదువుకున్న చేతులని శాన మిడిసిపడుతున్నరు." అంది గానీ ఆ గొంతులో ఏడుపు ఉంది. ఇంట్లోకి పోయి చిరిగిన గౌను మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. నాయన వచ్చేదాకా పొయ్యి వెలిగించలేదు.

నాయన వచ్చి చూశాడు. మా నాయన తక్కువ మాటల మనిషి. గౌను, మిగిలిన పీలికలు అన్నీ ఒక తువాలలో మూటకట్టి, నా చెయ్యి పట్టుకుని దడి పక్కనుంచి అటు నడిచాడు. వెనకనుంచి అమ్మ అంది, "పోతే పో. నేను మొక్కిన్నని మాత్రం చెప్పకు." నాయన మూటను పెద్దమ్మ వసారాలో మిషను పక్కన పెట్టి, "వదినె, పిల్లకు పండుగున్నది" అని ఆ ఒక్క మాట చెప్పి, నన్ను అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. శత్రువుల చేతికి పిల్లను అప్పగించి పోయిన తండ్రిని నేను మనసులో చాలా తిట్టుకున్నాను.

పెద్దమ్మ నన్ను పలకరించలేదు. టేపు తెచ్చి నడుముకు చుట్టబోతే, కొలత తప్పిపోవాలని నేను పొట్ట ఉబ్బించి నిలబడ్డాను. ఆమె ఒక క్షణం చూసింది. "ఊదు, ఇంకా ఊదు. పండుగనాడు కోడికూర తిన్నాక అంతే ఉంటది" అని ఆ ఉబ్బిన పొట్టకే కొలత తీసుకుంది. నాకు ఒళ్ళు మండింది. తర్వాత అమ్మ కుట్టిన కుట్లన్నీ బ్లేడుతో విప్పి, ముక్కలు నేల మీద పరిచి చాలాసేపు చూసింది. పీలికలు కలిపినా రెండు పక్కలకు గుడ్డ చాలదు, చేతులకు అసలే చాలదు. లేచి లోపలికి పోయి ట్రంకుపెట్టె తెరిచింది. బయటికి వచ్చేసరికి ఆమె చేతిలో ఆకుపచ్చ గుడ్డ ఒకటి ఉంది, మడత విప్పని కొత్త గుడ్డ. అది ఎక్కడిదో నేను అడగలేదు. దాన్ని కోసేముందు ఆమె కాసేపు ఆగిందని మాత్రం గుర్తుంది. రేపు పొద్దున్నే రమ్మని, నన్ను చూడకుండానే చెప్పి పంపేసింది.

మర్నాడు పొద్దున పోయేసరికి కచ్చాకుట్టు వేసి ఉంచింది. నన్ను పీట మీద నిలబెట్టి తొడిగి, ఒదులున్నచోట గుండుసూదులు పెడుతూ వస్తోంది. నాలుగైదు సూదులు ఆమె పెదాల మధ్య ఉన్నాయి. నేను కదలవద్దన్నా కదిలాను. నడుము దగ్గర సూది చురుక్కుమంది. అది నా తప్పే, ఇప్పుడు చెబుతున్నాను. అప్పుడు మాత్రం నాకు ఆరునెలల కోపం ఒక్కసారి నోట్లోకొచ్చింది. "అందుకే దేవుడు నీకు పిల్లల్నియ్యలె," అన్నాను. "నువ్వు గొడ్రాలివి."

మా అమ్మ అన్నది ఒక్క ముక్కే. దేవుణ్ణి నేను కలిపాను.

పెద్దమ్మ చెయ్యి నా నడుము మీద ఆగిపోయింది. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండు, ఏడుస్తూ పోయి అమ్మకు చెప్పవచ్చు అనుకున్నాను కూడా. ఆమె పెదాల మధ్యనున్న సూదులను ఒక్కొక్కటిగా తీసి దూదిబొత్తిలో గుచ్చింది. వసారాలో మేక అరుస్తోంది. చివరికి ఆమె మామూలు గొంతుతో, "చేతులు ఎత్తు" అంది. ఎత్తాను. గౌను పైనుంచి తీసేసి మిషను ముందు కూర్చుంది.

మధ్యాహ్నం దాకా తొక్కింది. నేను గడప దగ్గర కూర్చున్నాను. ఆమె నాకు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు, నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఆమె నన్ను క్షమించి ప్రేమగా కుట్టిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఆ మొహంలో ప్రేమ లేదు. నా మీదా, నన్ను కన్నదాని మీదా నిండా కోపం పెట్టుకునే కుట్టింది. కానీ ఒక్క కుట్టు వంకర పోలేదు. కాజాలు చేత్తో కుట్టింది, దారం కొస లోపలికి పోనిచ్చి ముడి కనపడకుండా తెంపింది. అంతా అయ్యాక మడిచి నా చేతుల్లో పెట్టి, "పో" అంది.

నేను గెలిచాననుకున్నాను. గౌనూ దొరికింది, అనవలసిన మాటా అన్నాను. అయినా దడి దాటేముందు ఎందుకో ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. అమ్మకు ఏమీ చెప్పలేదు.

అమ్మ ఆ గౌనును తిరగేసి, మరగేసి తప్పు కోసం వెతికింది. తెల్లగుడ్డ మీద ఎర్రపూలు, రెండు పక్కలా ఆకుపచ్చ పట్టీలు, ఆకుపచ్చ బుట్టచేతులు. ముందునుంచీ అట్లా కుట్టాలనే కోసినట్టు ఉంది. కింద అంచు లోపల ఒకదాని మీద ఒకటి మూడు మడతలు పెట్టి ఉన్నాయి. ఏటికొకటి విప్పితే ఇంకో మూడు పండుగలకు వస్తుంది. అమ్మ వేలు ఆ మడతల మీద ఆగింది. "పని మాత్రం వస్తదిలే," అని బిందెతో అంది. పట్టీలు పాత పీలికలేవో అనుకుంది.

పండుగ పొద్దున చర్చిలో ఆడవాళ్ళంతా ఒకవైపు చాపల మీద కూర్చున్నారు. నేను పిల్లలతో కలిసి ముందు ఉన్నాను. గురువుగారు ప్రార్థన మొదలుపెట్టబోతుండగా పెద్దమ్మ వచ్చింది. కొత్త ఆకుపచ్చ చీర కట్టుకుంది. దాని మీద వెలిసిపోయిన గోధుమరంగు పాత రవికె. చీరది, నా గౌను చేతులది ఒకే రంగు. పెదనాయన పండుగకని చీరతో పాటు కొనితెచ్చిన రవికె గుడ్డ అది. ఏడాదికి ఒక్క చీర దొరికే మా వాడలో కొత్త చీర మీద పాత రవికె తొడుక్కొచ్చిన ఆడమనిషిని ఎవరూ చూడకుండా వదలరు. అమ్మ పక్కనున్న ఆమె మెల్లగా అడగడం నాకు వినపడింది. "ఏందే చెల్లె, నీ బిడ్డ గౌనుకున్నది మీ అక్క రవికె గుడ్డనే గదా?"

అమ్మ మొహం ఎర్రబడి, తర్వాత నల్లబడింది. అప్పు ఎవరిదైనా తీర్చవచ్చు, శత్రువు చేసిన మేలు ఎట్లా తీరుస్తారు? నేను వాక్యం చెప్పాను. ఒక్క ముక్క తప్పలేదట, అందరూ మెచ్చుకున్నారు. నేను మాత్రం చెబుతున్నంతసేపూ ఆ వెలిసిన రవికెనే చూశాను.

ఇంటికి రాగానే అమ్మ నన్ను వాకిట్లో నిలబెట్టి వీపు వెనక గుండీలు విప్పడం మొదలుపెట్టింది. "తియ్యి. గా మనిషి దానం నా బిడ్డ ఒంటి మీద ఉండొద్దు. పాతదే ఏసుకో, పండుగ పోతే పోయింది." నేను గౌనును రెండు చేతులా పట్టుకుని ఏడుస్తున్నాను.

దడి మీదినుంచి పెద్దమ్మ తల కనపడింది. ఈసారి ఆమె మేక వైపు తిరగలేదు. ఆరునెలల్లో మొదటిసారి మా అమ్మ కళ్ళలోకి చూసి మాట్లాడింది.

"పిల్ల ఒంటిమీదనుంచి తియ్యకు," అంది. "దాని నోట్లో నీ మాట ఉంది. ఒంటి మీద నా గుడ్డ ఉంటే నీకేం పోయింది?"

అని లోపలికి వెళ్ళిపోయింది. అమ్మకు మొదట అర్థం కాలేదు. తర్వాత నా భుజాలు పట్టుకుని తనవైపు తిప్పుకుంది. "ఏమన్నవే? గామెను ఏమన్నవ్?" నేను చెప్పాను. దేవుణ్ణి కలిపింది కూడా చెప్పాను. కొట్టడానికి ఆమె చెయ్యి లేచింది. "నువ్వన్నదే అన్న," అన్నాను.

ఆ చెయ్యి దిగిపోయింది. అమ్మ అక్కడే నేల మీద కూర్చుంది, పండుగ చీర దుమ్ములో పడుతున్నా చూసుకోలేదు. చాలాసేపటికి నన్ను వెనక్కి తిప్పి, విప్పిన గుండీలు కింద నుంచి పైకి ఒక్కొక్కటీ పెట్టింది. ఆ రోజు కూర మాడిపోయింది. నాయన ఆ మాడిన కూరే కలుపుకుని తిన్నాడు.

వాళ్ళిద్దరూ కలిసిపోయారా అని మా కోడలు అడుగుతుంది. కలిసిపోలేదు. కథల్లో అయితే దడి పీకేసేవారు, మా ఇంట్లో దడి ఇంకా గట్టిగా కట్టారు. కాకపోతే ఆ తర్వాత అమ్మ బిందెతో మాట్లాడడం మానేసింది. పెద్దమ్మ గురించి నా ముందు మంచీ అనలేదు, చెడూ అనలేదు. ఏటా క్రిస్మస్ ముందు ఆ గౌను మడత ఒకటి తనే చేత్తో విప్పి, అంచు కుట్టేది. పెద్దమ్మకు వెళ్ళి తప్పయిందని చెప్పే ధైర్యం అమ్మకు రాలేదు. నాకూ రాలేదు. పెద్దదాన్నయ్యాక చెబుదామనుకున్నాను, చదువైపోయాక చెబుదామనుకున్నాను. నా పెళ్ళికి ముందే ఆమె పోయింది.

ఇప్పుడు నేను సూర్యాపేటలో కొడుకు దగ్గర ఉంటున్నాను. వయసుతో కోపం తగ్గుతుందంటారు, నాకైతే తగ్గలేదు. పైవాటాలో కిరాయికి ఉండే ఆమెతో నాకు రోజూ పేచీయే, మోటారు దగ్గర, చెత్తబుట్ట దగ్గర, మెట్ల మీద విడిచిన చెప్పుల దగ్గర. పిల్లలు వింటున్నారేమో చూసుకుని తిడతాను. అయినా ఎప్పుడో ఏమరుపాటున నోరు జారి ఉంటాను. మొన్న మా ఐదేళ్ళ మనవరాలు మెట్ల మీద ఆమెకు ఎదురుపడి ఒక మాట అంది. ఆ మాట ఇక్కడ రాయను. మా కోడలు పరుగున వచ్చి పిల్లను కొట్టబోయింది.

నేను ఆ చెయ్యి పట్టుకుని ఆపాను. "దాన్ని కొట్టకు. ఆ మాట నాది," అన్నాను. తర్వాత మెట్ల కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కి పోయి ఆమె తలుపు కొట్టాను. ఆమె మీద నాకు ఇప్పటికీ కోపమే. కానీ ఆమె తలుపు తెరిచాక, తప్పయిందని చెప్పేవరకు వెనక్కి తిరగలేదు.